గేటు తెరిచాక ఏమైంది? ‘వాకింగ్ డెడ్’ దాటేసిన ఏడాది

శవాలు లేచి నడుస్తాయంటే నమ్మించిన సీరియల్ అది. 2010 అక్టోబర్ నుంచి 2022 నవంబర్ దాకా పదకొండు సీజన్లు, 177 ఎపిసోడ్లు. అన్నీ నమ్ముకుంటూ వచ్చిన నన్ను ‘ది వాకింగ్ డెడ్’ చివరి ఎపిసోడ్ ఒక్కచోట మాత్రం నమ్మించలేకపోయింది. గవర్నర్ అరెస్టయింది, గేటు తెరుచుకుంది, శవాల గుంపు కాలిపోయింది. వెంటనే కథ ఏడాది ముందుకు దూకింది. అక్కడ చూస్తే కొత్త గవర్నర్, ప్రశాంతమైన వీధులు, ఆడుకుంటున్న పిల్లలు. మరి ఆ ఏడాదంతా ఏం జరిగింది?

ఈ ప్రశ్న ఎవరైనా అడగొచ్చు. నల్లగొండ వాళ్ళు కొంచెం గట్టిగా అడగాలి. ఎందుకో తర్వాత చెప్తాను. ఇంకా సీరియల్ చూడనివాళ్ళు ఉంటే ఇక్కడే ఆగిపోవడం మంచిది, నేనేమీ దాచబోవడం లేదు.

చివరి సీజన్ కథంతా కామన్వెల్త్ అనే పట్టణం చుట్టూ తిరుగుతుంది. యాభై వేల జనాభా. కరెంటు, ఆసుపత్రి, ఐస్‌క్రీమ్, కోర్టు అన్నీ ఉన్నాయి. బయట లోకం కుళ్ళిపోతుంటే ఇక్కడ మాత్రం పాత అమెరికాను యథాతథంగా కాపాడుకున్నారు. ఆ యథాతథంలోనే ఉంది కిటుకంతా. కొత్తగా వచ్చినవాళ్ళని కూర్చోబెట్టి, ఈ ఉపద్రవానికి ముందు ఏం పని చేసేవాళ్ళని అడుగుతారు. అప్పుడు లాయర్ అయితే ఇప్పుడూ లాయరే. అప్పుడు కూలి అయితే ఇప్పుడూ కూలే. లోకం మునిగిపోయినా సాంఘిక హోదా మాత్రం ఈదుకుంటూ ఒడ్డుకు చేరింది. గవర్నర్ పమీలా మిల్టన్ కొడుకు సెబాస్టియన్ తన జల్సా డబ్బు కోసం పేదవాళ్ళను శవాలున్న ఇంట్లోకి తోసి చంపించిన సంగతి బయటపడటంతో పట్టణం రగిలింది. అందరూ ఆమెను విలన్ అంటారు గానీ, నాకు ఆమె మంచి మేనేజర్‌లాగే కనిపిస్తుంది. భయపెట్టేది అదే.

చివరి ఎపిసోడ్‌లో శవాల గుంపు పట్టణంలోకి చొరబడుతుంది. పమీలా ధనవంతుల పేట అయిన ఎస్టేట్స్‌లోకి వెళ్ళి గేటు వేయిస్తుంది. బయట పేదవాడల జనం అరుస్తున్నారు. ఆమె వాదన తేలికగా కొట్టిపారేసేది కాదు: గేటు తీస్తే బతికున్నవాళ్ళతో పాటు చచ్చినవాళ్ళూ లోపలికి వస్తారు. నిజమే కదా. ప్రతి గేటు వెనకా ఇలాంటి తర్కం ఒకటి ఉంటుంది. 2023 నవంబర్‌లో మన తెలంగాణ అసెంబ్లీ పోలింగ్‌కు ముందు రాత్రి నాగార్జునసాగర్ డ్యామ్ మీద ఆంధ్ర పోలీసులు 26 గేట్లలో 13 గేట్లను స్వాధీనం చేసుకుని మధ్యలో ముళ్ళకంచె వేసినప్పుడు కూడా రెండు వైపులా తర్కాలు సిద్ధంగా ఉన్నాయి. గేటు ఎవరి చేతిలో ఉంటే వాళ్ళ మాటే న్యాయంగా చెలామణి అవుతుంది.

ఆ ఎస్టేట్స్ గేటు దగ్గర తుపాకుల మధ్య నిలబడి, సీరియల్ ముఖ్యపాత్రల్లో ఒకడైన డారిల్ చెప్పే మాటలే ఈ ఎపిసోడ్‌కు ప్రాణం. దీన్ని పాత లోకంలా కట్టారు, మీ తప్పు అదే అంటాడు. మన శత్రువు ఒక్కటే, మనం నడిచే శవాలం కాదు అంటాడు. మూలమైన కామిక్‌లో ఈ ఘట్టంలో జనాన్ని ఆపేది కథానాయకుడు రిక్, అంటే మాజీ పోలీసు. టీవీలో రిక్ ఎప్పుడో వెళ్ళిపోయాడు కాబట్టి ఆ మాటలు డారిల్‌కు దక్కాయి. కామిక్‌లో అసలు లేని పాత్ర అతనిది. చదువూ హోదా లేని, వేటతో బతికిన మనిషి. అవసరం కొద్దీ జరిగిన మార్పే అయినా నాకు ఇదే సరైనదనిపిస్తుంది. కింది నుంచి వచ్చినవాడు చెప్తే ఆ మాటకుండే బరువు వేరు.

సైన్యాధిపతి మెర్సర్ పక్క మారతాడు, పమీలాను అరెస్టు చేస్తాడు, ఫాదర్ గాబ్రియేల్ గేటు తెరుస్తాడు. ఆ తర్వాత ఈ ఎపిసోడ్‌లోకెల్లా ధైర్యమైన ఆలోచన వస్తుంది. గుంపును పాటలతో ఎస్టేట్స్‌లోకి రప్పించి, ఆ మేడలన్నిటినీ శవాలతో సహా పేల్చేస్తారు. పేదవాడలను కాపాడటానికి ధనవంతుల ఇళ్ళను ఎరగా వాడటం అమెరికన్ టీవీలో రోజూ చూసేది కాదు.

సరిగ్గా ఇక్కడే నాకు మా జిల్లా చరిత్ర గుర్తుకొచ్చింది. తెలంగాణ సాయుధ పోరాటంలో తొలి అమరుడు దొడ్డి కొమరయ్య 1946లో కడవెండిలో నేలకొరిగాక రెండేళ్ళలో నల్లగొండ పల్లెల్లో దొరల గడీలు ఖాళీ అయ్యాయి. దొరలు పట్నాలకు పారిపోయారు. జనం గడీల్లోని అప్పు పత్రాలను తగలబెట్టారు, భూములు పంచుకున్నారు, వెట్టి ఆగిపోయింది. సీరియల్ అయితే ఇక్కడే ఏడాది దూకి, పచ్చని పొలాలు చూపించి పేర్లు వేసేది. చరిత్రకు ఆ సౌకర్యం లేదు. 1948 సెప్టెంబర్‌లో భారత సైన్యం వచ్చింది, నిజాం లొంగిపోయాడు, రజాకార్లు చెల్లాచెదురయ్యారు. ఇక శత్రువు లేడు. కథ అయిపోవాలి.

కానీ కష్టమైన భాగం అప్పుడే మొదలైంది. సైన్యం వెనకాలే దొరలు తిరిగొచ్చారు, కొందరు ఖద్దరు టోపీలు పెట్టుకుని మరీ. పంచిన భూములు తిరిగి అడిగారు. అప్పటిదాకా ఒక్క తాటి మీద ఉన్న ఉద్యమం రెండుగా చీలింది. బొల్లేపల్లికి చెందిన రావి నారాయణరెడ్డి లాంటివాళ్ళు ఇక తుపాకులు దించుదాం, జనం విసిగిపోయారు, ఈ ప్రభుత్వం నిజాం ప్రభుత్వం కాదు అన్నారు. తుపాకీ దించితే భూమి పోతుంది, ఆపొద్దు అన్నది రెండో పక్షం. రెండు వాదనల్లోనూ నిజం ఉంది, అందుకే ఆ చీలిక అంత బాధాకరంగా ఉంటుంది. దళాలు అమ్రాబాద్ వైపు నల్లమలలోకి, గోదావరి అడవుల్లోకి తప్పుకున్నాయి. 1951 అక్టోబర్‌లో పోరాటం విరమించేదాకా మూడేళ్ళు ఆ పోరు సాగింది. వేల మంది పోయారు. 1952 ఎన్నికల్లో అదే రావి నారాయణరెడ్డి నల్లగొండ నుంచి నెహ్రూ కన్నా ఎక్కువ ఓట్లతో లోక్‌సభకు గెలిచారు. మధ్యలో 1949లో జాగీర్ల రద్దు, 1950లో కౌలుదారీ చట్టం వచ్చాయి. చట్టం రావడం ఒకటి, పట్టాలో పేరు మారడం ఒకటి. ఆ రెంటి మధ్య దూరం ఎంతో మా పల్లెల్లో ఏ ముసలాయనను అడిగినా చెప్తాడు, ఒకసారి మొదలుపెడితే ఆపడు కూడా.

దీన్ని దృష్టిలో పెట్టుకుని కామన్వెల్త్‌ను మళ్ళీ చూడండి. పమీలా జైల్లో ఉంది, సరే. ఆమె సైన్యం సంగతేంటి? నిన్నటిదాకా ఎదురు తిరిగినవాళ్ళను రైళ్ళలో కూలి క్యాంపులకు తరలించిన సైన్యమే అది. ఏడాది తర్వాత దాని అధిపతి మెర్సర్ లెఫ్టినెంట్ గవర్నర్ అయ్యాడు. సైన్యాన్ని తగ్గించారా? క్యాంపులు నడిపినవాళ్ళ మీద విచారణ జరిగిందా? ఎవరూ అడగరు. ఎజెకియల్‌ను గవర్నర్ చేయడంలో ఆలోచన ఉందని ఒప్పుకుంటాను. తన ఆపరేషన్ కోసం వరుసలో ముందుకు వెళ్ళినందుకు సిగ్గుపడి, పేదల కోసం దొంగచాటుగా క్లినిక్ నడిపిన మనిషి అతను. కానీ ఆ కుర్చీలోకి ఎలా వచ్చాడు? పోటీ ఎవరు చేశారు, పాత ధనవంతులు ఎవరి వెనక నిలబడ్డారు? దేనికీ తెర మీద జవాబు లేదు. మంచివాడు కుర్చీ ఎక్కాడు, మనం సంతోషించాలి. రాజు మారితే రాజ్యం మారినట్టేనని నమ్మే పాత జానపద సినిమాలకు దీనికి తేడా ఏముంది?

చీలిక గురించి నిజాయితీగా ఉన్న సీన్ ఒకటుంది. రాజకీయాలతో సంబంధం లేని చోట ఉంది. మ్యాగీ భర్త గ్లెన్‌ను నేగన్ కొట్టి చంపాడు, ఆ దృశ్యం ఆమె కళ్ళ ముందు నుంచి పోలేదు. ఆ తర్వాత ఇద్దరూ ఒకే శత్రువు మీద పక్కపక్కన నిలబడి పోరాడారు, నేగన్ క్షమాపణ కూడా అడిగాడు. చివర్లో మ్యాగీ అతన్ని క్షమించదు. నిన్ను చూసినప్పుడల్లా ఆ రాత్రే కనిపిస్తుంది అంటుంది. అయినా నీ మీద ద్వేషంతో బతకడం ఇష్టం లేదు, ఇక్కడ నీకు చోటుంది అన్నట్టు మాట్లాడుతుంది. కౌగిలింత లేదు, కన్నీటి రాజీ లేదు. ఒకే ఊళ్ళో ఒకరినొకరు చంపుకున్న కుటుంబాలు పండుగకు ఒకే గుడి ముందు ఎదురుపడినప్పుడు జరిగేది ఇదే. ఆ ఇద్దరి విషయంలో రచయితలు పదేళ్ళ పగను ఒక్క సీన్‌లో తీర్చేయలేదు. పట్టణం మొత్తం విషయంలో మాత్రం ఒక్క కట్‌తో తీర్చేశారు.

దీనికి వ్యాపార కారణం కూడా ఉంది. ఈ ఎపిసోడ్ వచ్చేనాటికే డారిల్‌కు ఒక సీరీస్, మ్యాగీ-నేగన్‌లకు ఒకటి, రిక్-మిషోన్‌లకు ఒకటి ప్రకటించేశారు. ఎవరు బతుకుతారో ముందే తెలిసిపోయాక టెన్షన్ ఎక్కడిది? ముఖ్యపాత్రల్లో రోసిటా మరణం ఒక్కటే గుండెకు తగిలింది, ఆమెకు వేరే సీరీస్ లేదు కాబట్టి. చివరి అరగంటలో సగం కొత్త సీరీస్‌ల ముందుమాటలాగే నడిచింది. పట్టణాన్ని పట్టించుకునే తీరిక ఎవరికీ లేదు.

ఆ ఏడాది మీద ఒక్క ఎపిసోడ్ తీసి ఉంటే నేను మొదట చూడాలనుకునే సీన్ ఇది. ఎస్టేట్స్‌లో మేడ పోగొట్టుకున్న ఒక పెద్దమనిషి పాత కాగితాలు పట్టుకుని గవర్నర్ ఆఫీసుకు వస్తాడు. స్థలం నాది, మళ్ళీ కట్టుకుంటాను, నష్టపరిహారం ఇవ్వండి అంటాడు. అదే వరుసలో వెనక పేదవాడ నుంచి వచ్చిన ఒకావిడ ఉంటుంది. గేటు మూసినప్పుడు బయట ఉండిపోయి కొడుకును పోగొట్టుకున్న తల్లి. తనకు ఆ స్థలంలో రెండు గదులు చాలంటుంది. ఎజెకియల్ ఏ కాగితం మీద సంతకం పెడతాడు? పెట్టాక మెర్సర్ సైనికులు ఎవరి వైపు నిలబడతారు?