సోమవారం హారం, మంగళవారం షేర్లు

మా ఆఫీసులో షేర్ మార్కెట్ గురించి తెలిసినవాడిగా నాకో పేరుంది. ఆ పేరు ఎవరూ ఇవ్వలేదు, నేనే పెట్టుకున్నాను. విజయనగరంలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటుగా ఫైళ్ల మధ్య బతికేవాడికి ఏదో ఒకటి తెలిసినట్టు ఉండకపోతే టీ దగ్గర ఎవరూ మాట వినరు.

ఆ పేరుని నిలబెట్టింది మాత్రం 2024 జూన్ 4. ఎన్నికల ఫలితాల రోజు. షేర్ మార్కెట్ సూచీ సెన్సెక్స్ ఆ ఒక్కరోజే 4,389 పాయింట్లు పడింది. అందరూ భయపడి అమ్ముకుంటుంటే నేను ఒక్క షేరు కదపలేదు. 7వ తేదీకల్లా మార్కెట్ మళ్లీ లేచి కొత్త రికార్డుకి పోయింది. "ఏటి సార్, అంత ధైర్యం ఎలగొచ్చింది మీకు?" అని మా అటెండరు అడిగితే "అనుభవం" అన్నాను.

అసలు సంగతి ఏమిటంటే, ఆరోజు నాకు ఓట్ల లెక్కింపు డ్యూటీ. లోపలికి ఫోను పోనివ్వరు కాబట్టి ఇంట్లోనే వదిలేసి తెల్లారకుండా వెళ్లినవాణ్ని, రాత్రి ఇంటికొచ్చి అన్నం కలుపుకుంటూ చూశాను. అప్పటికి మార్కెట్ మూసేసి చాలాసేపయింది. ఫోను చేతిలో ఉంటే పదింటికే అమ్మేసి ఉండేవాణ్ని. ఈ మాట ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

తలకెక్కిన ఆ విజయం జులైలో దిగింది.

ఎన్నికల వల్ల ఆ ఏడు అసలు బడ్జెట్ జులై 23న పెట్టారు. మంగళవారం. మా అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం. హారం కొనాలని మా ఆవిడ రెండేళ్లుగా అంటోంది, "కాస్త తగ్గనీ" అని రెండేళ్లుగా నేనంటున్నాను. బడ్జెట్ దగ్గర పడేసరికి నా బుర్ర పనిచేయడం మొదలుపెట్టింది. బడ్జెట్ అంటే ఏదో ఒకటి పెంచడం. పెంచాలనుకుంటే చేతికి ముందు దొరికేది బంగారం. 2022 జులైలో దిగుమతి సుంకం అలాగే పెంచారు. అంటే ఈసారి కూడా పెంచుతారు. ఇంత తేలిగ్గా తెలిసిపోయే విషయం ఊళ్లో మిగతావాళ్లకి ఎందుకు తట్టలేదా అని జాలి కూడా పడ్డాను.

సోమవారం సాయంత్రం ఆఫీసు నుంచి నేరుగా ఇంటికొచ్చి, మా ఆవిడని బండెక్కించుకుని గంటస్తంభం దగ్గర ఒక నగల కొట్టుకి వెళ్లాను. కొట్టు కుర్రాడు నాకన్నా తెలివైనవాడు. "రేపు బడ్జెట్టు కదా సార్, తరవాత మీ ఇష్టం" అని ఒక్క మాట అని ఊరుకున్నాడు. మామిడిపిందెల హారం, ఐదు కాసులు, అంటే 40 గ్రాములు. తరుగు, మజూరీ, దాని మీద 3 శాతం జీఎస్టీ. రెండేళ్ల నుంచి పోగేసిన డబ్బు పది నిమిషాల్లో కౌంటర్ దాటిపోయింది. వచ్చేటప్పుడు మా ఆవిడ వెనక సీట్లో కూర్చుని నా భుజం మీద చెయ్యేసింది. పెళ్లయిన ఇరవై ఆరేళ్లలో అలా చెయ్యేసిన సందర్భాలు లెక్కపెట్టుకోవచ్చు.

రాత్రికి పక్కింటి పిన్ని వచ్చింది. హారాన్ని అరచేతిలో వేసుకుని రెండుసార్లు పైకీ కిందికీ ఆడించింది. ఆవిడ చెయ్యే తక్కెడ.

"ఎంత పడిందేటి బాబూ?"

బిల్లు ఇచ్చాను. కళ్లజోడు తెప్పించుకుని ముందువైపు చదివింది, తిప్పి వెనకవైపు చదివింది. కొట్టు పేరు ఇంకోసారి పైకి చదువుకుంది. "బాగుందమ్మా" అని వెళ్లిపోయింది. బాగుందంటే ఎందుకు బాగుందో నాకు అప్పుడు అర్థం కాలేదు.

మర్నాడు ఆఫీసులో ఎవరికీ పని మీద మనసు లేదు. పదకొండింటికి నిర్మలా సీతారామన్ గారు ప్రసంగం మొదలుపెట్టారు. నా ఫోను ఫైలు కింద, ఇయర్‌ఫోను చెవిలో. నా షేర్ల సంగతి చెప్పాలి. అంతకుముందు అక్టోబర్‌లో రెండు లక్షలు పెట్టి కొన్నాను, అప్పటికి 40 వేలకు పైగా లాభంలో ఉన్నాయి. అమ్మాయి చదువుకి చేసిన అప్పులో కొంత దానితో తీర్చేద్దామని ఆలోచన. ఎప్పుడు తీర్చాలనేది మాత్రం తేల్చుకోలేదు.

పన్నెండు దాటాక ఆ మాట వచ్చింది. ఏడాది లోపు అమ్మే షేర్ల లాభం మీద పన్ను 15 శాతం నుంచి 20. ఏడాది దాటినవాటి మీద 10 నుంచి 12.5. చెవిలో ఆ మాట పూర్తి కాకుండానే ఫోను తెర ఎర్రబడింది. ఐదువందలు, ఎనిమిదివందలు, వెయ్యి. పన్నెండువందల పాయింట్లు పడిపోయాక శ్రీకాకుళం నుంచి మా బావమరిది ఫోను.

"ఏటి బావా, నువ్వింకా అమ్మలేదా? జూన్‌లో పడిందానికన్నా ఎక్కువ పడిపోద్దంట!"

ఎవరన్నారో చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆ టెన్షన్‌లో ఎవరు అడుగుతారు?

అప్పటికి నేను క్యారేజీ విప్పి ఉన్నాను. మా ఆవిడ హారం ఆనందంలో పులిహోర చేసి పెట్టింది. నూనె, పసుపు కలిసిన వేలు ఫోను మీద పెడితే వేలిముద్ర పట్టలేదు. తుడిచి మళ్లీ పెట్టాను, పట్టలేదు. మూడోసారి కూడా పట్టలేదు. ఇప్పుడు ఆలోచిస్తే మా ఊరి అమ్మవారు పైడితల్లమ్మే మూడుసార్లు అడ్డుపడిందనిపిస్తుంది. మనకి వినే బుద్ధి ఉండాలి కదా. ఎడం చేత్తో పాస్‌వర్డు కొట్టి, పసుపు మరకల మధ్య కనపడిన ఎర్ర బటన్ నొక్కేశాను. అన్నీ అమ్ముడుపోయాయి. అంత పడిన ధరకి కూడా తీసుకున్నవాడు ఎవడో ఒకడు ఉన్నాడంటే నాకు నవ్వొచ్చింది కూడా.

మూడున్నరకి మార్కెట్ ముగిసింది. రోజంతటికీ సెన్సెక్స్ నష్టం 73 పాయింట్లు. పడినదంతా దాదాపు లేచి కూర్చుంది. పన్నెండువందల గొయ్యి తవ్వింది సరిగ్గా నేను దూకడానికేనన్నట్టు, నేను దూకాక పూడ్చేశారు.

అయినా హారం ఉంది కదా అనుకుంటూ ఇంటికి వెళ్లాను. మా ఆవిడ ఏమీ మాట్లాడకుండా టీ తెచ్చింది. గ్లాసు తీస్తే కింద సాసర్‌కి బదులు నిన్నటి బిల్లు మడతపెట్టి ఉంది.

"సుంకం తగ్గించారంట" అంది.

"పెంచారేమో సరిగ్గా చూడు" అన్నాను.

15 శాతం ఉన్నదాన్ని 6 శాతానికి దించారు. ఆ వార్త ముందు పిన్నికి తెలిసింది, గోడ మీంచి మా ఆవిడకి తెలిసింది, మార్కెట్ తెలిసిన నాకు అందరికన్నా ఆఖర్న తెలిసింది. సాయంత్రానికే పది గ్రాముల మీద రెండు వేలకు పైగా తగ్గింది. ఇంకో రెండ్రోజులు తగ్గుతూనే ఉంది. మా హారానికి లెక్కేస్తే తేడా పది వేలు దాటింది. ఆ వారం మా ఇంట్లో పులిహోర అన్న మాట వినపడలేదు.

శుక్రవారం పిన్ని మళ్లీ వచ్చింది, చేతిలో ఎర్ర డబ్బా. మామిడిపిందెల హారం, ఐదు కాసులు, అదే కొట్టు. "నీ బిల్లు సూపించి బేరమాడినాను బాబూ, పని తేలికైపోయింది" అంది.

ఆ దసరా వెళ్లిన మంగళవారం, పైడితల్లమ్మ పండగలో పొడవాటి మాను మీద పూజారిని ఊరేగించే సిరిమాను చూడ్డానికి మూడులాంతర్ల దగ్గర నిలబడ్డాం. కోటదాకా జనమే జనం. మా ఆవిడ మెడలో హారం, పక్కనే పిన్ని మెడలో హారం. ఎవరో చుట్టాలావిడ చూసి "అక్కచెల్లెళ్లలా ఒకటే వేసుకున్నారే!" అని మురిసిపోయింది. "డిజైను ఒకటేనమ్మా, రేటు వేరు" అంది పిన్ని. సిరిమాను వచ్చేసరికి జనమంతా తలెత్తి చూశారు. నేనొక్కణ్నే తల దించుకుని ఉన్నాను.

ఇక వార్తలు చూడకూడదని ఒట్టు పెట్టుకున్నది ఆరోజే. నిజంగానే మానేశాను. 2025 ఫిబ్రవరిలో కొత్త ఆదాయపు పన్ను విధానం కింద పన్నెండు లక్షల ఆదాయం దాకా పన్ను లేదని ప్రకటించినప్పుడు ఆఫీసంతా ఒకరి చెయ్యి ఒకరు ఊపుతుంటే, ఎవరికో ప్రమోషన్ వచ్చిందేమో అనుకున్నాను.

ఆ వేసవిలో ఆదాయపు పన్ను రిటర్న్ వేయడానికి ఆడిటర్ దగ్గరికి వెళ్లాల్సి వచ్చింది. ఆయన నా కాగితాలు ముందుకీ వెనక్కీ తిప్పి, కలం కింద పెట్టి అడిగారు.

"ఈ షేర్లు 23న ఎందుకు అమ్మారండీ?"

"పన్ను పెంచారని."

"పెంచిన పన్ను ఆరోజు నుంచే అమల్లోకి వచ్చింది. 22న అమ్మితే 15 శాతమే. అప్పుడు ఆరువేలు పోయేది, ఇప్పుడు ఎనిమిదివేలు, పైన సెస్సు. పోనీ ఇంకో మూడు నెలలు ఆగినా బాగుండేది. ఏడాది నిండితే లక్షా పాతికవేల లాభం దాకా అసలు పన్నే లేదు. మీ లాభం 40 వేలే కదా."

ఆ 'కదా' దగ్గర ఆయన గొంతులో కాస్త జాలి వినపడింది. ధైర్యం చేసి హారం సంగతి కూడా చెప్పాను. ఆయన కాసేపు కిటికీలోంచి బయటికి చూశారు.

"మీరు చేసిన రెండు పనులూ మంచివేనండి. సోమవారం షేర్లు అమ్మేసి మంగళవారం హారం కొంటే సరిపోయేది."

ఇంటికి వచ్చాక ఈ మాట మా ఆవిడకి చెప్పలేదు. నా అంతట నేనే దాన్ని ఎన్ని రాత్రులు అటూ ఇటూ తిప్పుకున్నానో నాకే తెలుసు.

వార్తలు మానేసిన ఫలితం ఆ ఆగస్టులో అందింది. ఆగస్టు 15న ఎర్రకోట మీంచి జీఎస్టీ తగ్గిస్తామని ప్రధాని చెప్పారట. నేను ఆ సమయంలో మా ఆఫీసు జెండా కింద నిలబడి చాక్లెట్ తింటున్నాను, తర్వాత టీవీ పెట్టలేదు. 27న వినాయక చవితి, మంచిరోజు అని కొత్త స్కూటర్ కొన్నాను. బూడిద రంగుది. నిమ్మకాయలు తొక్కించి గుమ్మం ముందు నిలబెట్టాను. పిన్ని వచ్చి హ్యాండిల్ పట్టుకుని చూసింది. సీటు నొక్కి చూసింది.

"బిల్లుందా బాబూ?"

ఇవ్వకుండా ఉండాల్సింది. అలవాటు చొప్పున ఇచ్చేశాను.

సెప్టెంబర్ 22న స్కూటర్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. ఆ సాయంత్రమే పిన్నిగారబ్బాయి స్కూటర్ తెచ్చాడు. బూడిద రంగే. పొద్దున్నే పక్కపక్కనే రెండూ నిలబడి ఉంటాయి. నా తాళం వాళ్ల బండికి పెట్టి తిప్పుతూ ఇప్పటికి రెండుసార్లు దొరికిపోయాను.

అయితే దేవుడు ఎవరినీ పూర్తిగా ముంచడు. ఆ దసరా నాటికి 22 కేరెట్ల బంగారం పది గ్రాములు లక్ష దాటింది. ఒట్టు తీసి గట్టు మీద పెట్టి, పేపరు పట్టుకుని వంటింట్లోకి వెళ్లాను.

"చూశావా? ఆరోజు నేను కొనకపోయి ఉంటే ఇవాళ ఈ హారం మనవల్ల అయ్యేదా?"

మా ఆవిడ వంకాయలు తరుగుతూనే ఉంది. "నిజమే, దాటింది. పిన్నిది కూడా దాటింది. ఆవిడ ఇంకా పదివేలు ముందే ఉంది."

పేపరు మడిచి పెరట్లోకి వచ్చాను. గోడ అవతల పిన్ని బట్టలు ఆరేస్తోంది.

"బాబూ, మావోడు ఏసీ కావాలంటన్నాడు. నువ్వెప్పుడు కొంతన్నావు?"

"మాకు ఏసీ అక్కర్లేదు పిన్నీ. ఫ్యాన్లు చాలు."

ఆవిడ చేతిలో చీర అలాగే ఆగిపోయింది.

"అలగంటే ఎలగ బాబూ? నువ్వు కొంతే గానీ మాం కొనలేం కదేటి!"