కాళ్ళు వాచాయా? ముందు బీపీ మాత్ర పేరు చూడండి

మన ఇళ్ళల్లో అరవై దాటినవాళ్ళకి కాళ్ళు వాస్తే చాలు, కిడ్నీలు పోయాయని ఒకరు, గుండెకి నీరు పట్టిందని ఇంకొకరు, ఉప్పు మానేసి పల్లేరు కషాయం తాగమని పక్కింటావిడ, తలా ఒకటి చెప్తారు గానీ ఆ మనిషి రోజూ మింగే బీపీ మాత్ర ఏంటని ఒక్కరూ అడగరు. ఒక్కోసారి డాక్టరు కూడా అడగడు. నా కోపమంతా అక్కడే.

మా పెద్దమ్మ ఆమ్లోడిపిన్ అనే బీపీ మాత్ర, 5 మిల్లీగ్రాములది, వేసుకుంటూ బాగానే ఉండేది. బీపీ దిగట్లేదని 10కి పెంచారు. కొన్నాళ్ళకి సాయంత్రమయ్యేసరికి చీలమండలు కనపడకుండా పోవడం, వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోవడం. పట్టీలు తీసి బీరువాలో పెట్టేసింది. తీసుకెళ్ళి చూపిస్తే నీరు పోయే మాత్ర రాశారు. దాంతో బాత్రూమ్‌కి తిరగడం ఎక్కువైంది గానీ వాపు పెద్దగా తగ్గలేదు, పైగా రాత్రిళ్ళు పిక్కలు పట్టేయడం, నీరసం. పరీక్ష చేస్తే పొటాషియం తగ్గిందట, దానికో సిరప్. చీటీ పొడుగవుతూనే ఉంది, అసలు వాపు తెచ్చిన మాత్ర మాత్రం పై వరసలో హాయిగా కూర్చుంది!

ఆమ్లోడిపిన్ చెడ్డ మందని అనను. చవక, బీపీని బాగా దించుతుంది. అయితే అది సన్న ధమనులని వదులు చేసినంతగా సిరలని చేయదు. వచ్చే రక్తం పెరిగి, పోయే దారి అంతే ఉండేసరికి మధ్యలో కేశనాళికల్లో (అతి సన్న రక్తనాళాల్లో) ఒత్తిడి ఎక్కువై నీరు చుట్టుపక్కలకి ఊరుతుంది. నిలబడితే ఇంకా ఎక్కువ. అంటే ఒంట్లో నీరు ఎక్కువై వచ్చిన వాపు కాదిది, అందుకే ఫ్యూరోసెమైడ్ లాంటి నీరు మాత్రలు దీనికి సరిగ్గా పనిచేయవు. ఇదేం రహస్యం కూడా కాదు. మందు సమాచార పత్రంలోనే ఉంది, 5 మిల్లీగ్రాముల మీద నూటికి 3 మందికి వాపు వస్తే 10 మీద దాదాపు 11 మందికి వచ్చింది, అందులోనూ ఆడవాళ్ళకి ఎక్కువ.

మరి ఏం చేయాలి? పెద్దమ్మకి చివరికి వేరే డాక్టరు గారు ఆమ్లోడిపిన్ మళ్ళీ 5కి దించి, టెల్మిసార్టాన్ అనే ఇంకో రకం బీపీ మాత్ర కలిపి, నీరు మాత్ర ఆపేశారు. ఈ టెల్మిసార్టాన్, రామిప్రిల్ రకాలు సిరలని కూడా వదులు చేస్తాయి కాబట్టి వాపూ తగ్గుతుంది, బీపీ కూడా అదుపులో ఉంటుంది. కొందరికి ఆమ్లోడిపిన్ తీసేసి సిల్నిడిపిన్ అనే బీపీ మాత్రకి మారుస్తారు, దాంతో వాపు తక్కువ. ఏది ఎవరికన్నది కిడ్నీ పరీక్ష, పొటాషియం చూసి డాక్టరే చెప్పాలి, మెడికల్ షాపులో కుర్రాడు కాదు. నా పోస్ట్ చూసి మాత్ర మీ అంతట మీరు ఆపేయకండి మహానుభావులారా, పక్షవాతం వస్తే నాకు సంబంధం లేదు.

ప్రతి వాపూ ఆమ్లోడిపిన్ వల్లే అని కూడా అనుకోవద్దు. ఒక్క కాలే వాచి నొప్పి పెడితే రక్తం గడ్డ కావచ్చు. పడుకుంటే ఆయాసం వస్తున్నా, పొద్దున్నే మొహం ఉబ్బుతున్నా, మూత్రం నురగగా పోతున్నా గుండె, కిడ్నీలు చూపించుకోవాల్సిందే.

ఇక ఎనాలాప్రిల్, రామిప్రిల్ లాంటి 'ప్రిల్' మాత్రలు వేసుకునేవాళ్ళలో అరుదుగా ఇంకో రకం వాపు వస్తుంది. పెదాలు, నాలుక, గొంతు. మొదలుపెట్టి ఏళ్ళయినా రావచ్చు. ఇది బ్రాడికినిన్ అని ఒంట్లో ఉండే ఒక రసాయనం పెరగడం వల్ల వచ్చేది, ఎలర్జీ మాత్రకి లొంగదు, కాబట్టి ఆ మాత్ర వేసి పొద్దున చూద్దాంలే అనుకుంటే ఊపిరి ఆడక ప్రాణం పోవచ్చు. వెంటనే 108కి ఫోన్ చేయండి. ఒకసారి ఇలా వచ్చినవాళ్ళకి ఆ రకం మాత్ర మళ్ళీ ఇవ్వకూడదు, ఆ సంగతి చీటీ మీద పెద్దక్షరాలతో రాయించుకుని ఏ ఆసుపత్రికి వెళ్ళినా ముందు అదే చూపించండి.