చూడ్డానికి ఏముంది? ఏకసభ్య కమిషన్ మధ్యంతర నివేదిక

మా ఇంట్లో ఒక కమిషన్ ఏర్పాటైంది. సభ్యుణ్ణి నేనొక్కణ్ణే, అధ్యక్షుణ్ణీ నేనే. కార్యదర్శిగా మా ఆవిడ పేరు రాసుకున్నాను గానీ మొదటి సమావేశం నాడే పద్నాలుగు మందికి ఉప్మా చేయాల్సి వచ్చేసరికి ఆవిడ రాజీనామా ఇచ్చేసింది (ఉప్మా మాత్రం ఆవిడే చేసింది, ఈ దేశంలో రాజీనామాల విలువ అంతే). కమిషన్ తేల్చాల్సిన విషయం ఒక్కటే. దసరాకీ, సంక్రాంతికీ, డిసెంబర్ చివర్లో మంచు కురుస్తోందని టీవీలో చూపించినప్పుడూ విశాఖ నుంచి రెండు మూడు కార్లలో దిగే మా అత్తవారి తరఫు జనం గుమ్మంలో చెప్పులు విప్పుతూనే ఒక ప్రశ్న అడుగుతారు. ముఖ్యంగా మా బావమరిది అడుగుతాడు. "ఇంతకీ మీ ఊళ్ళో చూడ్డానికి ఏటుంది బావా?"

పాతికేళ్ళుగా అడుగుతున్నాడు. పాతికేళ్ళుగా చూపిస్తున్నాను. అయినా ప్రశ్న చెక్కు చెదరలేదు కాబట్టి, లోపం జిల్లాదా ప్రశ్నదా అన్నది శాస్త్రీయంగా తేల్చడం అవసరమని కమిషన్ భావించింది.

ముందు చిరునామా. మాది జయపురం, ఒడిశాలో కోరాపుట్ జిల్లా. రాజస్థాన్‌ది కాదు. ఇంగ్లిష్‌లో స్పెల్లింగ్ వేరేగా రాస్తారు, కానీ ఆ తేడా ఆన్‌లైన్‌లో సామాన్లు పంపేవాళ్ళ దాకా వెళ్ళలేదు, మా అబ్బాయి తెప్పించుకున్న చెప్పులు వాడికంటే ముందు రాజస్థాన్ చూసి వచ్చాయి. జిల్లా అంటే రెండు మెట్లున్న అరుగు లాంటిది. కింది మెట్టు రెండు వేల అడుగుల ఎత్తులో, అక్కడ మేముంటాం. పై మెట్టు మూడు వేల అడుగులు, అక్కడ కోరాపుట్, సెమిలిగూడ, నందపూర్. ఆ పైన దేవమాలి, 1,672 మీటర్లు, ఒడిశా మొత్తంలో దానికంటే ఎత్తైన కొండ లేదు. రాజధాని భువనేశ్వర్ మాకు ఐదొందల కిలోమీటర్లు, విశాఖ రెండొందల పైచిలుకు. అందుకే మా ఓటు అటు, మా ఆపరేషన్లు ఇటు.

మేం ఇక్కడికి ఎప్పుడొచ్చాం అని మా బావమరిది పిల్లలు అడుగుతారు. మేం రాలేదమ్మా. 1936 దాకా ఇదంతా విశాఖపట్నం జిల్లానే, మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. ఆ ఏడాది ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రం అయింది, మా తాతగారు ఒక రాష్ట్రంలో పడుకుని ఇంకో రాష్ట్రంలో నిద్రలేచారు. తారీఖు చూసి ఎవరో ఆటపట్టిస్తున్నారనుకున్నారట. చాలా రోజులు నమ్మలేదు. ఆయన నమ్మే లోపు పిల్లల బళ్ళో ఒడియా అక్షరాలు గుండ్రంగా వచ్చి కూర్చున్నాయి.

ఇక మొదటి అభియోగం, "ఇది అరకులా లేదు". దీని మీద కమిషన్ చాలాసేపు ఆలోచించింది. అరకుని ఆంధ్రా ఊటీ అంటారు. కంధమాల్ జిల్లాలో దారింగ్‌బాడిని ఒడిశా కాశ్మీర్ అంటారు. మా దగ్గరికి వచ్చేసరికి "ఒడిశా అరకు" అంటున్నారు. అంటే అరకు ఊటీ దగ్గర అప్పు తెచ్చుకున్న పేరుని మేం అరకు దగ్గర చక్రవడ్డీకి తెచ్చుకున్నామన్నమాట. కొండలు అవే, మంచు అదే, మొక్కా అదే. జయపురం రాజుల కాలంలోనే ఇక్కడ కాఫీ వేశారు, ఇప్పుడు కోరాపుట్ కాఫీ పేరుతోనే ప్యాకెట్లు అమ్ముతున్నారు. అయినా మా వాళ్ళు వచ్చేటప్పుడు మాకు ప్రేమగా తెచ్చేది ఏమిటంటే, దారిలో కొన్న అరకు కాఫీ పొడి. "మీకు ఇక్కడ దొరకదు కదా" అంటారు. మా ఆవిడ ఆ పొడి తీసుకుని లోపల పెట్టి, ఇక్కడి పొడితో కాఫీ కలిపి ఇస్తుంది. "చూశావా, అరకు అరకే" అని మెచ్చుకుంటూ తాగుతారు.

రెండో అభియోగం దేవమాలి మీద. అడవి జిల్లా అన్నారు, కొండ మీద చెట్లేవి అని. నిజమే, గడ్డి కొండ అది. మబ్బు మోకాలి దాకా వచ్చి ఆగుతుంది, కింద లోయల్లో మెట్లు మెట్లుగా పొలాలు, దూరంగా పొడు కొట్టిన వాలులు గోధుమరంగు దుప్పట్లు ఆరేసినట్టుంటాయి. మా బావమరిది అక్కడ కారు దిగి, చేతులు చాచి ఫోటో దిగి, చిప్స్ ప్యాకెట్ ఖాళీ చేసి, ఆ ప్యాకెట్‌ని ఒడిశాలోకెల్లా ఎత్తైన చోట వదిలిపెట్టాడు. మనవాళ్ళు ఏ రంగంలోనైనా శిఖరాన్ని చేరగలరనడానికి అది సాక్ష్యం. నేను వంగి తీసి జేబులో పెట్టుకున్నాను. "ఎందుకు బావా, గాలికి అదే పోద్ది" అన్నాడు. ఎక్కడికి పోద్దిరా, ఇంతకంటే పైన ఆకాశమే ఉంది.

మూడోది దుడుమ జలపాతం. మాచ్‌ఖండ్ నది 175 మీటర్ల ఎత్తు నుంచి దూకుతుంది, దూకనిస్తే. పైన జోలాపుట్ దగ్గర ఆనకట్ట, ఆ కిందా అడ్డుకట్ట, నీళ్ళలో చాలా భాగం గొట్టాల్లోంచి దిగి 120 మెగావాట్ల కరెంటు అవుతాయి. 1955 నుంచి రెండు రాష్ట్రాల ఉమ్మడి ఆస్తి ఆ పవర్‌హౌస్. "వాటర్ తక్కువుంది, ఇంకాస్త వదలమనొచ్చు కదా" అని మా వాడు రెయిలింగ్ పట్టుకుని విసుక్కున్నాడు. వాడింట్లో మూడు ఏసీలున్నాయి. ఆ ఏసీల్లోంచి వచ్చే చల్లగాలిలో ఈ నీళ్ళు కొన్నైనా ఉండకపోవు అని చెబుదామనుకున్నాను. ఇంటికొచ్చి ఆ మాట మొదలుపెట్టేసరికి మా ఇంట్లో కరెంటు పోయింది. కమిషన్ వాంగ్మూలం కొవ్వొత్తి వెలుగులో నమోదైంది.

అసలు ఈ జిల్లాలో ఘాట్ దిగి వెళ్ళేవాటి జాబితా పెద్దది. కరెంటు దిగుతుంది. దమన్‌జోడిలో తయారయ్యే అల్యూమినా దిగి విశాఖ పోర్టుకి వెళ్తుంది. మా వాళ్ళు అద్దాల బోగీలో కూర్చుని అరకు దాకా "ఆహా ఓహో" అనుకుంటూ వచ్చే ఆ కొత్తవలస, కిరండూల్ రైలు మార్గం కూడా, అందాలు చూపించడానికి వేసింది కాదు, ఛత్తీస్‌గఢ్‌లోని బైలాడిలా ఇనుప ఖనిజాన్ని జపాన్ పంపడానికి 1960లలో సొరంగాలు తవ్వి వేసింది. ఈ లోయలన్నిటినీ తీరిగ్గా తిరిగి చూసిన మొదటి టూరిస్ట్ ఇనుప రాయి. నేటికీ ప్యాసింజర్ రైలు పక్కన ఆగి దానికి దారిస్తుంది, అతిథి మర్యాద. సునాబెడలో యుద్ధ విమానాల ఇంజన్లు తయారవుతాయి, మేం మాత్రం పెళ్ళికైనా చావుకైనా సాలూరు ఘాట్‌లో బస్సు కిటికీ పక్కన నిమ్మకాయ వాసన చూసుకుంటూ దిగుతాం.

కొటియా గురించి చెప్పకపోతే నివేదిక అసంపూర్ణం. పొట్టంగి బ్లాకుకీ సాలూరు మండలానికీ మధ్య ఇరవై పైచిలుకు గ్రామాలు, మావంటే మావని రెండు రాష్ట్రాలూ అంటాయి. ఒడిశా 1968లో సుప్రీంకోర్టుకి వెళ్ళింది, 2006లో కోర్టు ఎక్కడివక్కడే ఉండాలంది, 2021 ఫిబ్రవరిలో ఆంధ్రా కొన్ని ఊళ్ళలో పంచాయతీ ఎన్నికలు పెడితే మళ్ళీ కోర్టు ధిక్కారం కేసు. అక్కడ చాలామందికి రెండు రేషన్ కార్డులు, రెండు ఓట్లు. ఇద్దరత్తల కోడలు పస్తులుంటుందని భయపడతాం కదా, ఇక్కడ ఇద్దరత్తలూ పోటీపడి వడ్డిస్తారు, ఎటొచ్చీ ఎన్నికలు దగ్గరపడాలి, అంతే. పర్యాటక దృష్టితో చూస్తే దేశంలో ఇంత ముద్దొచ్చే ప్రభుత్వాలని ఇంకెక్కడా చూడలేం. కానీ వ్యూపాయింట్ లేదని మా బావమరిది అటు రానన్నాడు.

సరే, సంత చూపిద్దామని శుక్రవారం కుందులి తీసుకెళ్ళాను. అల్లం, చింతపండు, చోళ్ళు, కోళ్ళు, ఎండు చేపలు, కొండల మీంచి తెల్లవారుజామునే నడిచి దిగిన జనం. పరజా, గదబ, కోందు తెగలవాళ్ళు, ఎవరి మాట వారిది, అందరూ కలిసినప్పుడు మాట్లాడుకోడానికి దేసియా. మా వాడికి ఇవేవీ కనపడలేదు. ముక్కుకి మూడు పుడకలున్న ఒక ముసలమ్మ కనపడింది. పాతిక వేల ఫోన్ ఆవిడ మొహం దగ్గరగా పెట్టి టకటకా ఫోటోలు తీశాడు. ఆవిడ ఓపిగ్గా చూసింది, అల్లం బుట్ట పక్కకి జరిపింది, రొంటిన దోపుకున్న ఫోన్ తీసి వీడి ఫోటో తీసింది. పక్కనున్న నలుగురికీ చూపించి ఏదో అంది, అందరూ పడీ పడీ నవ్వారు. మా వాడి మొహం కందిపోయింది. "అడక్కుండా ఎలా తీస్తుంది బావా? అదేం పద్ధతి?" అన్నాడు.

కమిషన్ ఈ ప్రశ్నని యథాతథంగా రికార్డు చేసింది.

భోజనాల దగ్గర ఇంకో గొడవ. ఈ ప్రాంతపు సంప్రదాయ వ్యవసాయాన్ని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2012లో ప్రపంచ వారసత్వంగా గుర్తించింది, వందల రకాల వరి విత్తనాలు పుట్టి పెరిగిన చోటు ఇది. పక్క ఊరావిడ, పత్రాపుట్ కమలా పూజారి, బడి మొహం చూడకుండా ఇంటింటికీ తిరిగి నాటు విత్తనాలు పోగుచేసి 2019లో పద్మశ్రీ అందుకుంది. కోరాపుట్ కాలాజీరా బియ్యానికి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ బియ్యమే ఆ పూట వండాం. పొయ్యి మీద ఉండగానే వీధి చివర దాకా వాసన. ముందు "సన్నబియ్యం లేవా అక్కా" అని సణిగాడు, తర్వాత మూడుసార్లు వడ్డించుకుని, "బాస్మతి ఎక్కడ కొన్నారు?" అని అడిగాడు. మా ఆవిడ నా వైపు చూసింది. ఇలాంటి చూపుల్ని నివేదికలో రాయకూడదు. ఆఖర్న "బొంగు చికెన్ ఉండదా ఇక్కడ" అన్న మాట కూడా రాలింది గానీ దాన్ని రికార్డుల నుంచి తొలగించాం.

మర్నాడు గుప్తేశ్వరం. సున్నపురాయి గుహలో శివుడు, సంపెంగ చెట్ల మధ్య మెట్లు, పక్కన శబరి నది, అవతలి ఒడ్డు ఛత్తీస్‌గఢ్. ఆ అడవిని 2024లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. దారిలో బొయిపారిగూడ వస్తుంది. ఆ పక్కనే తెంతులిగుమ్మ, లక్ష్మణ్ నాయక్ ఊరు. క్విట్ ఇండియా రోజుల్లో జనాన్ని వెంటేసుకుని మత్తిలి పోలీస్ స్టేషన్ మీదికి నడిచాడు, ఆ గొడవలో ఒక ఫారెస్ట్ గార్డుని చంపాడని నేరం మోపి ఆయన్ని 1943 మార్చి 29న బరంపురం జైల్లో ఉరితీశారు. ఇది చెబుతుంటే కారులో కాసేపు నిశ్శబ్దం. నాకు కాస్త ఆశ కలిగింది. తర్వాత వెనక సీట్లోంచి "ఇక్కడ నెట్ రావట్లేదేంటి" అన్నారు. ఆ నిశ్శబ్దం దేనికో అప్పుడర్థమైంది.

సాయంత్రం ఊళ్ళో తిప్పుతూ రాజుగారి కోట దాకా తీసుకెళ్ళాను. బయటి నుంచే చూసి "పాత గోడలు" అన్నాడు. ఇక్కడ కమిషన్ సహనం కోల్పోయిందని ఒప్పుకోవాలి. "ఒరే, నువ్వు ఎమ్మెస్సీ ఎక్కడ చదివావు?" అన్నాను. "ఆంధ్రా యూనివర్సిటీలో, సైన్స్ కాలేజీ." "ఆ కాలేజీ పేరేంటి?" తల గోక్కున్నాడు. రెండేళ్ళు రోజూ ఆ పేరు కిందనుంచి లోపలికెళ్ళాడు. జయపురం విక్రమదేవ వర్మ కాలేజీరా అది. ఈ గోడల వెనకున్న రాజే, తెలుగూ ఒడియా సంస్కృతం మూడిట్లో రాసిన పండితుడు, ఆ యూనివర్సిటీ నిలబడ్డానికి ఏటా లక్ష రూపాయలు ఇచ్చాడు, లక్షంటే లక్షలా ఉన్న రోజుల్లో. నీ డిగ్రీకి పునాది రాయి ఈ ఊరి నుంచి ఘాట్ దిగి వెళ్ళింది. ఇప్పుడు అడుగు, ఏముందో అడుగు.

వాడు కొంచెంసేపు ఆ గోడ వైపు చూశాడు. దగ్గరికెళ్ళి చేత్తో తడిమాడు కూడా. "నిజంగా బావా?" అన్నాడు నెమ్మదిగా. నివేదిక ఇక్కడ ముగించవచ్చని నాకనిపించింది, ఇరవై ఐదేళ్ళ వ్యాజ్యం తేలిపోయింది.

తెల్లారి వెళ్ళిపోయారు. డిక్కీలో కుందులి అల్లం, రెండు కిలోల కాలాజీరా, చింతపండు. మధ్యాహ్నానికల్లా ఫేస్‌బుక్‌లో ఫోటోలు పెట్టాడు, దేవమాలి మీద చేతులు చాచిందే ముందు. పైన రాసింది: "అరకు ట్రిప్, ఫ్యామిలీతో." కింద వాడి ఆఫీసాయన ఎవరో అడిగాడు, అరకులో ఈ ప్లేస్ ఎక్కడ బ్రో, మేం చూళ్ళేదే అని.

మా బావమరిది జవాబు: "ఈమధ్యే ఓపెన్ చేశారు."