స్టార్టింగ్ బ్లాక్ గారికి, హన్మకొండ నుంచి

అయ్యా స్టార్టింగ్ బ్లాక్ గారూ,

నమస్తే. పరుగు మొదలుపెట్టేటప్పుడు స్ప్రింటర్లు పాదాలు ఆనించి, తన్నుకుని లేచే రెండు పెడల్స్ దిమ్మ మీరు. క్షేమంగానే ఉండి ఉంటారు. స్టోర్‌రూమ్‌లో, తాళం లోపల, చిరిగిన వాలీబాల్ నెట్టు కప్పుకుని పడుకున్నవారికి కష్టం ఏముంటుంది? ఏ గ్రౌండు స్టోర్‌రూమో ఇక్కడ రాయను, మీకు తెలుసు. కొన్న రోజు మీ పక్కన నిలబడి పెద్దలంతా ఫొటో దిగారు, జిల్లా పేజీలో పడింది. అంతే, మళ్లీ మీ దర్శనం లేదు. తాళం ఇక్కడ, తాళంచెవి ఉన్న సారు డిప్యుటేషన్ మీద ఎక్కడో. బయట పిల్లలు మట్టిలో గీత గీసుకుంటారు. ఒకడు వెనక నిలబడి తన పాదాలు అడ్డం పెడితే, ఇంకొకడు వాటిని తన్నుకుంటూ స్టార్ట్ నేర్చుకుంటాడు. మీ డ్యూటీ చేస్తున్నందుకు ఆ వెనకవాడికి తిట్లు అదనం: "గట్టిగ నిలవడురా, జారుతున్నవ్!"

అసలు మీరు పుట్టిందే రన్నర్ల శ్రమ తగ్గించడానికి. 1936లో బెర్లిన్ ఒలింపిక్స్‌లో నాలుగు స్వర్ణాలు గెలిచిన జెస్సీ ఓవెన్స్ కూడా చేతిలో చిన్న తాపీతో ట్రాక్ మీద గుంటలు తవ్వుకుని, వాటిలో కాళ్లు పెట్టి పరిగెత్తినవాడే. అప్పటికే మీరు అమెరికాలో పుట్టి ఏళ్లవుతోంది. కానీ నమ్మినవాడు లేడు. 1929లో జార్జ్ సింప్సన్ మీ సాయంతో 100 గజాలు 9.4 సెకన్లలో పరిగెత్తితే, మీరున్నారన్న కారణంతోనే దాన్ని ప్రపంచ రికార్డుగా ఒప్పుకోలేదు. 1937లో రూల్స్‌లో చోటు, 1948 లండన్‌లో తొలిసారి ఒలింపిక్స్. మొదట్లో ఎంత అణకువగా ఉండేవారు! రెండు చెక్క ముక్కలు, నాలుగు మేకులు.

ఆ తర్వాత కాలికింద సెన్సర్ పెట్టించుకున్నారు. అప్పటి నుంచి మీ ఉద్యోగమే మారిపోయింది. సాయానికి వచ్చినవారు కావలికి కూర్చున్నారు.

తుపాకీ మోగాక 0.100 సెకను దాటకముందే కాలు ఒత్తితే ఫాల్స్ స్టార్ట్. శబ్దం విని మనిషి అంతకన్నా ముందు కదల్లేడని మీ శాస్త్రం. కదలగలడని వాదించే శాస్త్రవేత్తలు కూడా ఉన్నారు, కానీ వాళ్ల మాట మీరు వినరు. 2022లో యూజీన్ ప్రపంచ చాంపియన్‌షిప్స్‌లో 110 మీటర్ల హర్డిల్స్ ఆడిన డెవాన్ అలెన్‌ను అడగండి. సెమీస్‌లో అతని రియాక్షన్, అంటే తుపాకీ మోగాక కదలడానికి పట్టిన సమయం, 0.101 సెకను, సరే పొమ్మన్నారు. ఫైనల్లో 0.099, బయటికి పొమ్మన్నారు. ఆ ట్రాక్ మీద పెరిగిన యూనివర్సిటీ కుర్రాడు, స్టాండ్స్ నిండా అతని జనం. మీకు మొహమాటం అనేదే లేదు కదా. అంతకుముందు 2011లో డేగు ప్రపంచ చాంపియన్‌షిప్స్ 100 మీటర్ల ఫైనల్లో ఉసేన్ బోల్ట్‌నే లైన్ దగ్గరి నుంచి వెనక్కి పంపారు. ఆ ఫైనల్ యోహాన్ బ్లేక్ 9.92తో గెలిచాడు. 2010 నుంచి ఒక్క తప్పుకే వేటు అన్న రూల్ వచ్చాక మీ ధీమా ఇంకా పెరిగింది.

మిమ్మల్ని ఎదిరించిన మొనగాడు ఒకడున్నాడు. 2003, పారిస్, ప్రపంచ చాంపియన్‌షిప్స్ 100 మీటర్ల క్వార్టర్ ఫైనల్. మీ సెన్సర్ 0.052 చూపించింది. అమెరికన్ జాన్ డ్రమండ్ "నేను కదల్లేదు" అంటూ లేన్‌లోనే వెల్లకిలా పడుకున్నాడు. కాజీపేట జంక్షన్‌లో రైల్ రోకో చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. తేడా ఏమిటంటే, మా దగ్గర పట్టాల మీద పడుకుంటే కనీసం ఒక వినతిపత్రమైనా తీసుకుంటారు. మీరు అదీ తీసుకోలేదు.

ఇక మా టీ కొట్టు విశ్లేషకుల సంగతి. సుబేదారిలో పొద్దున ఆరున్నరకు రండి. వాకింగ్ అయిపోయినవారు, వాకింగ్ మొదలుపెట్టాలనుకుంటున్నవారు, అందరూ ఒకే ఫోన్ మీద వంగి ఉంటారు. వీడియో పాజ్ చేస్తారు, వెనక్కి తిప్పుతారు, మళ్లీ పాజ్. తీర్పు మాత్రం ఎప్పుడూ ఒకటే: "స్టార్టే పోయింది కాకా, ఇంకేం గెలుస్తడు." ఈ మాట మీ పరపతి పెంచడానికి తప్ప దేనికీ పనికిరాదు.

2024 పారిస్ ఒలింపిక్స్ 100 మీటర్ల ఫైనల్ తీసుకోండి. నోవా లైల్స్ రియాక్షన్ 0.178. ఫ్రెడ్ కెర్లీది 0.108, కళ్లు మూసి తెరిచేలోపే లేచాడు. 30 మీటర్ల దగ్గర లైల్స్ అందరికన్నా వెనక. ఆ క్షణంలో మా టీ కొట్టు అతని కథ ముగించేసింది. చివరికి లైల్స్ 9.784, కిషేన్ థాంప్సన్ 9.789, కెర్లీకి కాంస్యం. స్వర్ణానికీ రజతానికీ మధ్య 0.005 సెకను. 1996 అట్లాంటాలో డోనోవన్ బెయిలీ 0.174కి కదిలి 9.84తో ప్రపంచ రికార్డు పెట్టాడు. 2009 బెర్లిన్‌లో బోల్ట్ 9.58 పరిగెత్తిన రోజు అతని రియాక్షన్ 0.146, పక్కన టైసన్ గేది 0.144. మీ లెక్క ప్రకారం గే ముందున్నాడు. 60 నుంచి 80 మీటర్ల మధ్య బోల్ట్ గంటకు దాదాపు 44.7 కిలోమీటర్ల వేగం అందుకున్నాడు. అక్కడ మీరెక్కడున్నారు? అరవై మీటర్ల వెనక, ఖాళీగా.

మీకు అసలు పాత్రే లేదని అనను. చెవి చేసే పని వేరు, కాళ్లు చేసే పని వేరు. రియాక్షన్ టైమ్ చెవిది. ఆ తర్వాత సెకనులో మూడో వంతు దాకా జరిగే నెట్టుడు కాళ్లది. వెనక కాలు ముందుగా బలంగా తన్ని లేచిపోతుంది. ముందు కాలు చివరిదాకా ఆనుకుని, ఎక్కువ పని అదే చేస్తుంది. తుపాకీకి ముందు స్టార్టర్ 'సెట్' అన్నప్పుడు ముందు మోకాలు సుమారు 90 డిగ్రీలు, వెనకది 120, 130 మధ్య, నడుము భుజాల కన్నా కాస్త పైన. ముందు పెడల్ గీతకు రెండు పాదాల దూరం, వెనకది మూడు పాదాలు, ఎవరి కాళ్ల పొడవును బట్టి వాళ్లు సరిచేసుకుంటారు. మా పిల్లలు రెండు పెడల్స్‌నూ గీతకు అంటించి, నడుము ఆకాశానికి లేపి, రెండో అడుగుకే నిటారుగా నిలబడతారు. "లేవకురా, వంగి ఉండు" అని పీఈటీ సారు అరుస్తూనే ఉంటారు. తప్పు వాళ్లది కాదు. స్నేహితుడి పాదం మీద పూర్తి బలం పెట్టి ఎవడు తంతాడు?

తుపాకీ విషయం కూడా. ఒకటో లేన్‌కీ ఎనిమిదో లేన్‌కీ మధ్య ఎనిమిదిన్నర మీటర్లు. ఆ దూరం దాటడానికి శబ్దానికి దాదాపు 0.025 సెకను పడుతుంది, లైల్స్ గెలిచిన తేడాకు ఐదు రెట్లు. అందుకే పెద్ద పోటీల్లో ప్రతి లేన్‌లో మీ వెనక ఒక స్పీకర్ పెట్టారు. మా మండల పోటీల్లో చెక్క క్లాపర్ కొడతారు. ఎనిమిదో లేన్ పిల్లవాడు చప్పుడు వినడు, పక్కవాడి కదలిక చూసి పరిగెత్తుతాడు.

ఈ మధ్య మీ గిరాకీ కూడా తగ్గిందిలెండి. 2018 తెలంగాణ కానిస్టేబుల్ ఈవెంట్స్‌లో మగవాళ్లకు 100 మీటర్లు 15 సెకన్లలో ఉండేది. 2022కి దాన్ని తీసేసి 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో పెట్టారు. ఉద్యోగం కోసం స్ప్రింట్ నేర్చేవాళ్లు పోయి, ఇష్టంతో నేర్చేవాళ్లే మిగిలారు. వాళ్లకు 2025 జూలైలో పక్క ఛత్తీస్‌గఢ్ కుర్రాడు అనిమేష్ కుజూర్ గ్రీస్‌లో 100 మీటర్లు 10.18 సెకన్లలో పరిగెత్తి జాతీయ రికార్డు పెట్టిన సంగతి తెలుసు. పర్వతగిరి మండలం కల్లెడ నుంచి వెళ్లిన దీప్తి జీవాంజి 2024 పారాలింపిక్స్‌లో 400 మీటర్ల కాంస్యం తెచ్చిన సంగతీ తెలుసు. తెలియనిది మీ బరువు ఎంతో, మీ పెడల్ ఎలా బిగించాలో.

ఒక్కటి మాత్రం మింగుడుపడటం లేదు. జిల్లా పోటీల్లో పిల్లలు ఏడింటికే వార్మప్ చేసి కూర్చుంటారు. ముఖ్య అతిథి పదకొండు దాటాక వస్తారు, ఉపన్యాసాలయ్యాక 100 మీటర్లు నడినెత్తి ఎండలో. సెకనులో వెయ్యో వంతు ముందు కదిలినవాడికి వేటు, నాలుగు గంటలు ఆలస్యంగా వచ్చినాయనకు శాలువా. మీ కావలి అంతా ఒక పక్కకే ఎందుకుంది? వచ్చే మీట్‌కు మీ సెన్సర్లలో ఒకటి విప్పి వేదిక మీద మధ్య కుర్చీకి బిగించండి. 0.100 సెకను పట్టింపు మాకు లేదు, గంట దాకా ఓర్చుకుంటాం. అది దాటితే ఎర్ర కార్డు మీరే చూపించాలి, మాకు ధైర్యం చాలదు.

ఇట్లు,
తాళంచెవి సారు ఫోన్ ఎత్తుతారేమోనని చూస్తున్న,
హన్మకొండ గ్రౌండు వాసి