డోర్ నంబర్లను తేదీలుగా మార్చే ఆ ఫార్వర్డ్

"టెక్స్ట్ ఫైల్లో ప్రతి లైను నుంచీ కావలసిన ముక్క తీయడానికి ప్రోగ్రామింగ్ అక్కర్లేదు, ఈ ఆరు చిట్కాలు చాలు" అనే మెసేజ్ వాట్సాప్ గ్రూపుల్లో ఆగకుండా తిరుగుతోంది. ఖాతాల జాబితాలు, లబ్ధిదారుల పేర్లు చూసేవాళ్లు కూడా దాన్ని నమ్మి పంచుతున్నారు. ఇక ఊరుకోవడం కుదరదు.

మొదటి చిట్కా: సీఎస్‌వీ ఫైలును (ముక్కల మధ్య కామాలుండే టెక్స్ట్ ఫైలు) డబుల్ క్లిక్ చేసి ఎక్సెల్లో తెరిచి, అక్కర్లేని కాలమ్‌లు తీసేసి సేవ్ కొట్టమంటుంది. అన్నిటికన్నా ఎక్కువ చేటు చేసేది ఇదే. ఈ లైను చూడండి:

0047,రామయ్య,4-12,1234567890123456

మామూలు సెట్టింగులతో తెరవగానే 0047 కాస్తా 47 అవుతుంది. 4-12 అనేది డోర్ నంబరని ఎక్సెల్‌కి తెలీదు. ఇండియా సెట్టింగులుంటే దాన్ని డిసెంబరు 4 చేస్తుంది, అమెరికా సెట్టింగులుంటే ఏప్రిల్ 12 చేస్తుంది. చివరనున్న ఖాతా నంబరు సంగతి ఇంకా ఘోరం. ఎక్సెల్ 15 అంకెల వరకే గుర్తుంచుకుంటుంది కాబట్టి చివరి 6 పోయి సున్నా వస్తుంది. సెల్‌లో 1.23E+15 అని కనిపిస్తుంది, సేవ్ చేస్తే ఫైల్లోకీ అలాంటి కుదించిన రూపమే వెళ్తుంది. "తర్వాత సెల్‌ని టెక్స్ట్‌గా ఫార్మాట్ చేస్తే సరిపోతుంది" అని కింద ఒక ముక్క తగిలించారు. సరిపోదు. పోయిన అంకె ఎక్కడినుంచి వస్తుంది? పైగా 10,48,576 లైన్లు దాటిన ఫైలైతే మిగతావి షీటులోకే రావు.

ఈ తేదీల బాధ పడలేకే 2020లో మానవ జన్యువులకు పేర్లు పెట్టే కమిటీ మార్చ్1, సెప్ట్1 వంటి పేర్లనే మార్చేసింది. మనం గోడల మీద డోర్ నంబర్లు మార్చుకుందామా?

ఎక్సెల్లోనే చేయాలంటే దారి ఉంది. డేటా ట్యాబ్‌లో "ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ" నొక్కి, డేటా టైప్ డిటెక్షన్ దగ్గర "డు నాట్ డిటెక్ట్ డేటా టైప్స్" ఎంచుకుని లోడ్ చేయండి. సున్నాలు, అంకెలు ఉన్నవి ఉన్నట్టే వస్తాయి. ఇంత ముఖ్యమైన ఒక్క వాక్యం ఆ మెసేజ్‌లో లేదు.

రెండోది, నోట్‌ప్యాడ్++ (టెక్స్ట్ ఫైళ్లు దిద్దే ప్రోగ్రాం) రీప్లేస్‌లో .*, పెడితే మొదటి కామా దాకా పోతుందట. చివరి కామా దాకా పోతుంది, ఎందుకంటే చుక్క-స్టార్ అందినంత మింగుతుంది. రెండో ముక్క ఒక్కటే మిగలాలంటే, రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ మోడ్‌లో (గుర్తులతో నమూనా ఇచ్చి వెతికే పద్ధతి) ఇలా వెతకండి:

^[^,]*,([^,]*),.*$

రీప్లేస్ గడిలో \1 పెట్టండి. "చుక్క కొత్త లైనుకీ వర్తిస్తుంది" అనే టిక్ తీసేయాలి. ప్రతి లైనులో కనీసం రెండు కామాలు లేకపోతే పక్క లైను కూడా కలిసిపోతుంది. కోట్స్ మధ్య కామాలున్న చిరునామాలకు ఇది పనికిరాదు. వాటికి పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలోని సీఎస్‌వీ మాడ్యూలే సరైనది.

మూడోది: లినక్స్‌లో ప్రతి లైను నుంచీ ముక్క కోసే "కట్" కమాండ్‌కి డ్యాష్ సీ (-c, అంటే అక్షరాల లెక్కన) ఇస్తే తెలుగు అక్షరాలు కూడా లెక్క ప్రకారం తెగుతాయట. ఉబుంటు, డెబియన్ అనే లినక్స్ రకాల్లో ఏళ్లుగా వస్తున్న కట్ అక్షరాలను కాదు, బైట్లను లెక్కపెడుతుంది. అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో రామయ్య అంటే ర, దీర్ఘం, మ, య, పొల్లు, య. ఒక్కోదానికీ మూడు చొప్పున 18 బైట్లు. మొదటి 10 అడిగితే "రామ" వచ్చి, పక్కన విరిగిన బైటు ఒకటి చెత్తగా మిగులుతుంది. పైథాన్‌లో మొదటి ఐదు అడిగినా "రామయ్" దగ్గర తెగుతుంది. తెలుగును స్థానాల లెక్కన కోయకండి, కామా దగ్గరో ట్యాబ్ దగ్గరో విడగొట్టండి.

నాలుగోది, కట్, ఆక్ (awk, ఇదీ లినక్స్ కమాండే) రెండూ ఒకటేనట. కాదు. వరసగా ఉన్న స్పేసులను ఆక్ మామూలుగా ఒకటిగా చూస్తుంది, కట్ ప్రతిదాన్నీ విడిగా చూస్తుంది. కట్‌ని 3, 1 అని అడిగినా 1, 3 వరసలోనే ఇస్తుంది.

ఐదోది, ఫైలును ఏదో ఉచిత వెబ్‌సైట్‌లో అప్‌లోడ్ చేయమనడం. జనం ఫోన్ నంబర్లు, ఖాతా నంబర్లు ఉన్న ఫైలా? వద్దు, అంతే.

ఆరో చిట్కా మాత్రం నిజంగా బాగుంది. ఆల్ట్ పట్టుకుని మౌస్ లాగితే నోట్‌ప్యాడ్++లో నిలువు పట్టీ ఎంపికవుతుంది. ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలతో ప్రతి కాలమ్ ఒకే వెడల్పున్న ఫైలైతే ఇంతకన్నా తేలిక దారి లేదు. ముందు ఫైలుకి కాపీ తీసుకుని చేయండి, మొదలుపెట్టినప్పుడు ఎన్ని లైన్లున్నాయో చివర్లోనూ అన్నే ఉన్నాయేమో చూసుకోండి.