ఆకు కషాయంతో బంగారు నానో కణాలు: తయారీ తేలికే, మందు కావడమే కష్టం

బంగారం కరిగి ఉండే క్లోరోఆరిక్ ఆమ్ల ద్రావణంలో ఆకు కషాయం కలిపి కాసేపు ఉంచితే, లేత పసుపు రంగు పోయి ఎరుపు తేలుతుంది. బంగారు అయాన్లు లోహంగా మారి నానో కణాలుగా, అంటే కంటికి కనిపించనంత చిన్న రేణువులుగా పేరుకున్నాయన్నమాట. ఆ అయాన్లకు ఎలక్ట్రాన్లు ఇచ్చేది ఆకులోని పాలీఫినాల్స్, ఫ్లేవనాయిడ్ల వంటి పదార్థాలు. కణాలు ముద్దకట్టకుండా చుట్టూ పొరలా పట్టి ఉంచేవీ చాలావరకు అవే.

పుణెలోని జాతీయ రసాయన ప్రయోగశాలలో మురళీ శాస్త్రి బృందం 2003-04 ప్రాంతంలో జెరేనియం, వేప, నిమ్మగడ్డి ఆకులతో ఈ పని చేసి చూపించాక ప్రపంచమంతా ఇదే బాట పట్టింది. ఇప్పుడు ఆకు మారుతోంది, పరిశోధనా పేపర్ మాత్రం మారడం లేదు. రంగు మారింది, మైక్రోస్కోపులో నానో కణాలు కనిపించాయి, డిష్‌లో క్యాన్సర్ కణాలు చచ్చాయి, కాబట్టి వైద్యానికి పనికొస్తుంది! ఈ చివరి 'కాబట్టి' దగ్గరే నాకు పేచీ.

మొదటి ప్రశ్న: ఆ క్యాన్సర్ కణాలను చంపింది బంగారమా, కషాయమా? బంగారం కలపని కషాయాన్ని విడిగా పరీక్షించకుండా ఈ సంగతి తేలదు. రెండోది ఇంకా మొండి సమస్య. ఆకులో ఏ పదార్థం ఎంత ఉంటుందన్నది నేల, రుతువు, ఆకు వయసును బట్టి మారుతుంది. దాంతో నానో కణాల సైజూ, పై పొరా మారిపోతాయి. శరీరంలో నానో కణం ఎక్కడికి చేరుతుందో చాలావరకు నిర్ణయించేవి ఆ రెండే. బ్యాచ్ బ్యాచ్‌కీ మారేదాన్ని మందు అని ఎలా అంటాం?

ఈ ఆకు పద్ధతికి తగిలించే 'పర్యావరణహితం' అన్న మాటనూ కాస్త తగ్గించి వాడాలి. బంగారు నానో కణాలు చేసే 1951 నాటి టర్కెవిచ్ పద్ధతిలో వాడేది సిట్రేటే (నిమ్మ ఆమ్లపు లవణం), అదేమీ విషం కాదు. పైగా ఆకు వాడినా క్లోరోఆరిక్ ఆమ్లం తప్పదు. దాన్ని తయారుచేయడానికి బంగారాన్ని ఆక్వా రీజియాలోనో (గాఢ నత్రికామ్లం, హైడ్రోక్లోరిక్ ఆమ్లాల మిశ్రమం) క్లోరిన్‌తోనో కరిగించాలి.

ఇక వైద్యంలో బంగారు నానో కణాలు ఇప్పటికే స్థిరపడిన చోటు పరీక్షలు. చాలా ప్రెగ్నెన్సీ కిట్లలో కనిపించే ఎర్ర గీత వాటిదే. శరీరంలోకి ఎక్కిస్తే కథ వేరు. వాటిలో ఎక్కువ భాగాన్ని కాలేయం, ప్లీహం పట్టేసుకుంటాయి. రకరకాల నానో కణాలపై వచ్చిన అధ్యయనాలను 2016లో ఒక సమీక్ష కలిపి చూస్తే, ఎక్కించిన మోతాదులో కణితికి చేరినదాని మధ్యస్థ విలువ 0.7 శాతమే.

అలాగని మొక్కల దారి దండగని అనను. నిమ్మగడ్డితో వచ్చినవి త్రికోణాకారపు పలకలు. మామూలు చిన్న గోళాలు 520 నానోమీటర్ల దగ్గర కాంతిని పీల్చుకుంటే, ఇవి కంటికి కనిపించని సమీప పరారుణ కాంతినీ పీల్చుకుంటాయి. ఆ కాంతి శరీర కణజాలంలోకి మరింత లోతుకు వెళుతుంది కనుక, కణితిని వేడితో చంపే చికిత్సకు ఈ ఆకారం పనికొచ్చే వీలుంది.

అంతకన్నా నమ్మకం కలిగించేది మిస్సోరి విశ్వవిద్యాలయ బృందం పని. వాళ్లు మొత్తం కషాయంతో సరిపెట్టుకోలేదు. తేయాకులోని ఈజీసీజీ అనే ఒకే పదార్థాన్ని తీసుకుని రేడియోధార్మిక బంగారు కణాలు చేశారు. వాటిని ఎలుకల్లోని ప్రోస్టేట్ కణితుల్లోకి నేరుగా ఎక్కిస్తే ఆ కణితులు బాగా కుంచించుకుపోయాయని 2012లో ప్రచురించారు. ఎలుకల్లోనే కావచ్చు, కానీ అక్కడ పనిచేసిన పదార్థం పేరు తెలుసు. ఇంకో కొత్త ఆకు పేపర్ వచ్చినప్పుడు సమీక్షకులు ముందు అడగాల్సింది ఆ పేరే.