సూట్ ఇచ్చారు సరే, విప్పేదెక్కడ?

వైజాగ్‌లో గ్యాస్ లీకైన ప్రతిసారీ చర్చ ఒకే దారిలో పోతుంది. ట్యాంకులో టెంపరేచర్ ఎందుకు పెరిగింది, వాల్వ్ దగ్గర ఎవరున్నారు, ఎక్స్‌గ్రేషియా ఎంత, కమిటీ రిపోర్ట్ ఎప్పుడిస్తుంది. ఎల్జీ పాలిమర్స్ నుంచి ఎసెన్షియా దాకా ఇదంతా అందరికీ తెలిసిందే కాబట్టి మళ్లీ మొదట్నుంచి చెప్పను. నాకు కావాల్సింది వేరే ప్రశ్నకి జవాబు, ఇన్నేళ్లలో ఏ అధికారీ ప్రెస్‌మీట్‌లో దాని గురించి మాట్లాడగా నేను వినలేదు. గ్యాస్ లీకైన చోట జనాన్ని కాపాడటానికి లోపలికి వెళ్లినవాడు బయటికొచ్చాక అతని ఒంటి మీద, సూట్ మీద, బూట్ల మీద, చేతిలో ఉన్న పైపు మీద అంటుకున్న కెమికల్‌ని ఎవరు కడిగారు, ఎక్కడ కడిగారు, దేనితో కడిగారు?

దీన్నే డీకాంటమినేషన్ అంటారు, ఫీల్డ్‌లో అందరూ డీకాన్ అనేస్తారు. మన దగ్గర ఇది ప్రమాదం అయిపోయాక చేసే క్లీనింగ్ పనిలా చూస్తున్నారు, అక్కడే మొత్తం తప్పుతోంది. డీకాన్ అనేది రెస్క్యూ మొదలవ్వకముందే రెడీగా ఉండాల్సిన పని. అమెరికాలో ప్రమాదకర పదార్థాల దగ్గర పనిచేసేవాళ్ల కోసం ఓషా (అక్కడి కార్మిక భద్రత సంస్థ) రాసిన రూల్ 1910.120లో ఇది చాలా స్పష్టంగా ఉంది, కెమికల్ తగిలే అవకాశం ఉన్న చోటికి మనిషి గానీ సామాను గానీ వెళ్లకముందే డీకాన్ పద్ధతి తయారు చేసి, వర్కర్లకి చెప్పి, అమల్లో పెట్టాలి అని. నా వాదన కూడా అంతే. కడిగే లైను వేయకుండా ఒక్క మనిషిని కూడా లోపలికి పంపొద్దు.

ఎందుకో లెక్కేసి చూడండి. వీపు మీద గాలి సిలిండర్, ముఖానికి మాస్క్ పెట్టుకుని వెళ్లే ఎస్‌సీబీఏ అనే సెట్ మీద 30 నిమిషాలనో 45 నిమిషాలనో రాసుంటుంది, కానీ అది మామూలుగా ఊపిరి తీసుకునేవాడి లెక్క, మూసేసిన కెమికల్ సూట్‌లో బరువు మోస్తూ మెట్లెక్కేవాడికి అంతసేపు రాదు. అందులో లోపలికి నడిచే టైం, బయటికి నడిచే టైం తీసేయాలి. బయటికొచ్చాక కూడా సూట్‌ని పైనుంచి కిందకి కడిగి, బ్రష్ కొట్టి, ఇంకొకరు సాయం చేసి బయటి వైపు లోపలికి మడుస్తూ విప్పేదాకా మాస్క్ తీయకూడదు, అంటే ఆ కాసేపు కూడా అదే సిలిండర్ గాలి పీల్చాలి. ఇప్పుడు లైను రెడీగా లేదనుకోండి, ఫైరింజన్ ఎక్కడో ఉంది, టబ్బులు రాలేదు, ఎవరు కడగాలో ఎవరికీ తెలీదు, అతని గాలి అయిపోతోంది, అలారం మోగుతోంది, అతనేం చేస్తాడు? మాస్క్ పీకేస్తాడు. లోపల తగలని కెమికల్ బయటికొచ్చాక సూట్ మీద నుంచి ముక్కులోకి పోతుంది. ఇక మే నెలలో మన వైజాగ్ ఉక్కపోతలో ఆ సూట్‌లో పది నిమిషాలు ఊరికే నిలబడటం అంటే ఏంటో ఒక్కసారి వేసుకున్నవాళ్లని అడగండి, కళ్లు తిరిగి పడిపోతే పడిపోయిన మనిషిని అదే సూట్‌తో ఎత్తాలి, ఎత్తినవాళ్లకీ అంటుకుంటుంది.

కోవిడ్‌లో ఈ సంగతి మనందరికీ అర్థమైంది కదా. పీపీఈ కిట్ వేసుకోవడానికి ఒక గది, విప్పడానికి ఇంకో గది పెట్టారు, విప్పేటప్పుడే ఇన్ఫెక్షన్ అంటుకుంటుందని నర్సులకి రోజుల తరబడి ట్రైనింగ్ ఇచ్చారు. ఆ తెలివిడి ఫార్మా, కెమికల్ ఫ్యాక్టరీలున్న పరవాడ, అచ్యుతాపురం దాకా ఎందుకు రాలేదో నాకైతే అర్థం కావట్లేదు.

హాస్పిటల్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 1995 మార్చి 20న టోక్యో సబ్‌వే రైళ్లలో సరిన్ అనే విష రసాయనం వదిలినప్పుడు సహాయానికి వెళ్లిన 1,364 మంది అంబులెన్స్ సిబ్బందిలో 135 మందికి లక్షణాలు వచ్చాయి, వాళ్లెవరూ రైల్లో ఎక్కినవాళ్లు కాదు. సెయింట్ లూక్స్ అనే ఒక్క ఆస్పత్రికే ఆ రోజు 640 మంది పేషెంట్లు వచ్చారు, బట్టలు మార్చకుండా, కడక్కుండా వార్డుల్లోకి తీసుకున్నారు, అక్కడి స్టాఫ్‌లో నాలుగో వంతు మందికి దగ్గర దగ్గరగా ఏదో ఒక లక్షణం కనపడింది. పేషెంట్ల బట్టల్లోంచి వచ్చిన ఆవిరి చేసిన పని అది.

మన 2020 మే 7, ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ గ్యాస్ లీకైన రోజు గుర్తు చేసుకోండి. తెల్లవారుజామున 3 గంటలప్పుడు ఆర్.ఆర్. వెంకటాపురంలో జనం ఎక్కడికక్కడ పడిపోయారు, చేతుల మీద, ఆటోల్లో, బైకుల మీద వేసుకుని కేజీహెచ్‌కి (వైజాగ్ పెద్దాసుపత్రికి) పరిగెత్తారు, సాయానికి వెళ్లిన పోలీసులకీ ఒంట్లో బాగోలేకుండా అయింది. 12 మంది చనిపోయారు. కెమికల్ స్పెషలిస్టుల ఎన్డీఆర్ఎఫ్ (కేంద్ర విపత్తు సహాయ దళం) టీమ్ పుణె నుంచి విమానంలో రావాల్సొచ్చింది. వాళ్ల మీద నాకు గౌరవమే, కానీ మొదటి గంట వాళ్లది కాదు, ఆ గంట గోపాలపట్నం కానిస్టేబుల్‌ది, పక్కింటి కుర్రాడిది, 108 డ్రైవర్‌ది, క్యాజువాలిటీలో నైట్ డ్యూటీ చేస్తున్న నర్సమ్మది. వాళ్లకి ఎవరైనా ఒక్క మాట చెప్పుంటే చాలు, ముందు పై బట్టలు తీసేయండి అని. బట్టలు తీసేస్తేనే ఒంటి మీదున్న కెమికల్‌లో 80 నుంచి 90 శాతం పోతుందని ఈ రంగంలో వాళ్లు సాధారణంగా చెప్పే లెక్క. దీనికి విమానం అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు, ఒక కత్తెర చాలు. గ్యాస్ మాత్రమే పీల్చినవాళ్లకి బట్టలు మార్చడమే చాలావరకు సరిపోతుంది, లిక్విడ్ మీద పడినవాళ్లకి నీళ్లు కావాలి, బోలెడు కావాలి.

అయితే బట్టలు తీయమని చెప్పడం ఈజీ, తీసే పరిస్థితి ఉందా అనేది అసలు విషయం. అచ్యుతాపురం సెజ్‌లో 2022లో జూన్‌లో ఒకసారి, ఆగస్టులో ఇంకోసారి గార్మెంట్ యూనిట్‌లో పనిచేసే ఆడపిల్లలు గ్యాస్ పీల్చి వందల మంది వాంతులతో పడిపోయారు. రేపు అదే చోట గ్యాస్ కాకుండా ఆసిడో సాల్వెంటో మీద పడిందనుకోండి. చుట్టూ మగ సూపర్‌వైజర్లు, గేటు బయట జనం, ప్రతి చేతిలో సెల్‌ఫోన్ కెమెరా, ఆ మధ్యలో నిలబెట్టి బట్టలు తీసేయమ్మా అంటే ఏ అమ్మాయి తీస్తుంది? తీయదు. తడిసిన డ్రెస్‌తోనే అంబులెన్స్ ఎక్కుతుంది, హాస్పిటల్ దాకా అరగంట ఆ కెమికల్ చర్మంలోకి ఇంకుతూనే ఉంటుంది. తప్పు ఆ అమ్మాయిది కాదు, పరదా కట్టనివాళ్లది. నాలుగు టార్పాలిన్లు, రెండు పైపు ఫ్రేములు, ఒక అట్టపెట్టె నిండా నైటీలు లుంగీలు తువ్వాళ్లు, తీసిన బట్టలు వేసి మూతి కట్టడానికి ప్లాస్టిక్ సంచులు, పేర్లు రాయడానికి ఒక మార్కర్, దగ్గరుండే ఇద్దరు మహిళా సిబ్బంది. ప్రతి యూనిట్ గేటు దగ్గర ఇది ఉండాలి. 1948 ఫ్యాక్టరీల చట్టం 42వ సెక్షన్‌లో కడుక్కునే వసతి ఆడవాళ్లకి మగవాళ్లకి వేరువేరుగా, మరుగు ఉండేలా కట్టాలని అప్పుడే రాశారు. మామూలు రోజుకే ఆ రూల్ పెట్టినప్పుడు ప్రమాదం రోజుకి ఎందుకు లేదు?

దీనికి ఎదురు వాదన ఒకటి ఎప్పుడూ వస్తుంది, ప్రాణాలు పోతుంటే టెంట్లు వేసుకుంటూ కూర్చుంటామా, ముందు మనిషిని లాగాలి కదా అని. అది నిజమైన ఆవేదనే, నేను తీసిపారేయను. కానీ పూర్తి స్థాయి లైను వేయడానికి టైం లేకపోతే ఎమర్జెన్సీ డీకాన్ అని ఒకటుంది, రెండు ఫైరింజన్లని కాస్త ఎడం వదిలి పక్కపక్కన ఆపి, రెండువైపుల నుంచి నాజిల్స్ పొగమంచులా వదిలితే మధ్యలో నడిచే దారి తయారవుతుంది, కొద్ది నిమిషాల పని. కాబట్టి టైం లేదు అనే మాటకి జవాబు ఉంది, ముందే ప్రాక్టీస్ చేయలేదు అనే మాటకి లేదు.

ఏది పడితే అది నీళ్లతో కడిగేస్తే సరిపోతుందా అంటే అదీ కాదు. ఫార్మాలో వాడే థయోనిల్ క్లోరైడ్ లాంటి వాటికి నీళ్లు తగిలితే హైడ్రోజన్ క్లోరైడ్, సల్ఫర్ డయాక్సైడ్ పొగలు వస్తాయి. పొడి పడితే ముందు పొడిగానే దులపాలి, ఆ తర్వాతే ధారగా నీళ్లు. హైడ్రోఫ్లోరిక్ ఆసిడ్ అయితే కడిగాక కాల్షియం గ్లూకోనేట్ జెల్ కావాలి, అది లేకపోతే పైకి మామూలుగా కనపడే మనిషి లోపల దెబ్బతింటాడు. అంటే ఏ యూనిట్‌లో ఏ సరుకుందో ఫైర్ స్టేషన్‌కీ, దగ్గరలోని ఆస్పత్రికీ ముందే తెలిసుండాలి, సైరన్ మోగాక ఫోన్ చేసి అడిగేది కాదు. సామాన్ల విషయం కూడా అంతే, లెదర్ బెల్టులు, లెదర్ బూట్లు కెమికల్‌ని పీల్చుకుంటాయి, కడిగినా పోదు, పారేయాలి, స్ట్రెచర్లు అంబులెన్స్ ఫ్లోర్ కడక్కుండా ఇంకో పేషెంట్‌ని ఎక్కించకూడదు. కడిగిన నీళ్లని కాలవలోకి వదలకుండా పట్టాలి, ఎల్జీ ప్లాంట్ పక్కనే మేఘాద్రిగెడ్డ రిజర్వాయర్ ఉంది మరి. అయితే మనిషి ప్రాణం, నీళ్లు అని వస్తే ముందు మనిషినే కడగాలి, దాంట్లో డౌట్ లేదు.

ఇంతదాకా చెప్పింది పెద్ద ప్రమాదాల గురించి. నన్ను నిజంగా కుదిపేసేది మాత్రం న్యూస్‌లోకి రాని రోజులు. డ్రమ్ములు దొర్లించేది, రియాక్టర్‌లోకి దిగి గీకేది, స్పిల్ అయితే చీపురు పట్టేది ఎవరు? పర్మనెంట్ ఎంప్లాయీ కాదు, శ్రీకాకుళం నుంచో ఒడిశా నుంచో వచ్చి గాజువాకలో ఒక గదిలో నలుగురు ఉండే కాంట్రాక్టు కుర్రాడు. 2024 నవంబర్‌లో పరవాడ ఫార్మా సిటీలో హైడ్రోక్లోరిక్ ఆసిడ్ లీకైనప్పుడు చనిపోయింది కూడా ఒడిశా నుంచి వచ్చినవాడే. అతనికి షిఫ్ట్ అయ్యాక షవర్ లేదు, బట్టలు మార్చుకునే లాకర్ లేదు, అదే యూనిఫాంతో షేర్ ఆటో ఎక్కుతాడు, అదే యూనిఫాం ఇంట్లో పసిపిల్లాడి బట్టలతో కలిపి భార్య ఉతుకుతుంది. ఆమె ఫ్యాక్టరీ గేటు ఎప్పుడూ చూసుండదు, కానీ ఫ్యాక్టరీ ఆమె బకెట్లోకి వచ్చేసింది. 2020లో స్టైరీన్ గురించి ఊరంతా మాట్లాడుకున్నాం, ఈ బకెట్ గురించి ఎవరూ మాట్లాడరు.

భోపాల్ తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టంలో 41-సి కలిపారు, కెమికల్స్ మధ్య పనిచేసేవాళ్ల హెల్త్ రికార్డు సరిగ్గా రాసిపెట్టాలి, అడిగితే వాళ్లకి చూపించాలి అని. మన కాంట్రాక్టు వర్కర్లలో ఎంతమంది తమ రికార్డు కళ్లతో చూశారు? కాంట్రాక్టర్ మారగానే ఐడీ మారుతుంది, గేట్ పాస్ మారుతుంది, ఏ కెమికల్ ఎన్నేళ్లు తగిలిందో ఆ లెక్క గాల్లో కలిసిపోతుంది, పదేళ్ల తర్వాత లివర్ పాడైతే తాగుడు వల్ల అని రాసేస్తారు. డీకాన్ లైను అంటే నాకు ఇందుకే అంత పట్టుదల, ఆ లైన్లో నిలబడిన ప్రతి మనిషి పేరు రాయాలి, ఏం తగిలింది, ఎంతసేపు తగిలింది, ఎప్పుడు కడిగారు రాయాలి, అంటే లెక్కలోకి రాని మనిషిని లెక్కలోకి తెచ్చే ఒకే ఒక్క కాగితం అది. చాలా కంపెనీలకి ఈ కాగితం ఇష్టం ఉండదు, నాకు తెలుసు, ఎందుకంటే రేపు కోర్టులో నిలబడేది అదే.

విశాఖ, అనకాపల్లి కలెక్టర్లని నేను కోరేది ఇది. నేను చూసిన మాక్ డ్రిల్స్‌లో సైరన్ మోగుతుంది, సూట్ వేసుకున్న ఇద్దరు ఒక మనిషిని స్ట్రెచర్ మీద తెస్తారు, అంబులెన్స్ డోర్ వేస్తారు, ఫోటో దిగుతారు, అయిపోతుంది. వచ్చే డ్రిల్‌ని స్ట్రెచర్ బయటికొచ్చిన దగ్గర మొదలుపెట్టండి. సూట్ మీద రంగు నీళ్లు చల్లండి, కడిగి విప్పాక లోపలి బనీను మీద ఎక్కడైనా రంగు పడిందేమో అందరి ముందు చూడండి. కేజీహెచ్ క్యాజువాలిటీ గేటు బయట షవర్ పెట్టి అక్కడి స్టాఫ్‌తో కూడా చేయించండి. పరదా లేని యూనిట్‌కి ఆ రోజే నోటీసు ఇవ్వండి. కాంట్రాక్టు కార్మికుల యూనిఫాంలు కంపెనీ లోపలే, కంపెనీ ఖర్చుతోనే ఉతికించాలని ఆర్డర్ ఇవ్వండి, ఇన్‌స్పెక్టర్ వచ్చినప్పుడు రియాక్టర్ కంటే ముందు ఆ లాండ్రీ గది తాళం తీయించి చూడాలి.